తలకాయ అడ్డం

కడపలో కారు షెడ్డుకూ కారుకూ పెద్దగా సంబంధం ఉండదు. కారు వేపచెట్టు కింద పక్షుల రెట్టలు మోస్తూ ఉంటుంది. షెడ్డులో పాత కూలరూ, ఒక కోడు విరిగిన మంచమూ, శనక్కాయల ఖాళీ గోతాలూ, ఎవరి పెండ్లిలోనో మిగిలిన షామియానా తాడూ కాపురముంటాయి. రిటైరైన నెలకు ఇంటాయన కన్ను ఆ షెడ్డు మీద పడుతుంది. "దీన్ని వర్క్‌షాపు చేస్తా" అంటాడు. ఇంటామె కాదనదు. పగటిపూట మనిషి ఇంట్లోంచి బయటపడితే చాలని ఆమె అప్పటికే దేవుని కడప వెంకన్నకు మొక్కుకొని ఉంటుంది.

ఎర్రముక్కపల్లిలోని మన ఆసామీ ఇట్లాగే మొదలుపెట్టాడు. షెడ్డు 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. పైన సిమెంటు రేకులు, ముందర రోలింగ్ షట్టరు. ఆరంగుళాల బెంచి గ్రైండరు, డ్రిల్లు మిషనుకు స్టాండు, నాలుగంగుళాల వైసు, పానాల సెట్టు అన్నీ కొన్నాడు. బెంచీ మాత్రం కొనలేదు. ఊరిపేరు మోసే రాయి ఉండగా చెక్కెందుకని రెండు పిట్టగోడలు కట్టించి, వాటి మీద రెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున నల్లటి కడప బండలు పరిపించాడు. చూసినవాళ్లంతా భేష్ అన్నారు. లైటు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. షెడ్డు నడిమధ్యన 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ముందునుంచే వేలాడుతోంది కదా.

దాని లెక్క చూద్దాం. 9 వాట్ల బల్బు సుమారు 900 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుతురు కొలత) కాంతి ఇస్తుంది. 180 చదరపు అడుగులంటే 16.7 చదరపు మీటర్లు. గోడలు, రేకులు, దుమ్ము తినేది పోగా సగం వెలుతురు కిందికి దిగిందనుకుంటే చదరపు మీటరుకు 27 ల్యూమెన్లు, అంటే 27 లక్సులు. చీపురు ఎక్కడుందో వెతుక్కోవడానికి అది చాలు. సామాన్య పనికి 300, బెంచీ మీద 500, సన్నటి గీత చూసి కోయాలన్నా చిన్న స్క్రూ తిప్పాలన్నా 750 నుంచి 1000 దాకా కావాలి. అరవై దాటిన కళ్లకు ఇంకా ఎక్కువే కావాలి గానీ ఆ మాట ఆసామితో అనగలిగేవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరే, ఆమె అనేసింది కూడా.

మొదటి పని పూజ అల్మారా తలుపుకు మడత బందులు బిగించడం. పెన్సిలుతో గుర్తు పెట్టాడు, పంచు పెట్టి చుక్క కొట్టాడు, డ్రిల్లు పట్టుకొని వంగాడు. చుక్క మాయమైంది. లేచి చూస్తే ఉంది, వంగితే లేదు. నాలుగుసార్లు గుంజీలు తీసినట్టు వంగి లేచి, చివరికి అంచనా మీద తూటు వేశాడు. పైబందు తూట్లు సరిగ్గానే పడ్డాయి. కింది బందువి మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిగాయి. మూడు మిల్లీమీటర్లంటే ఏముందిలే అనుకోకూడదు. రెండు బందులూ ఒకే నిట్టనిలువు గీత మీద లేకపోతే తలుపు తిరిగేటప్పుడు మెలిపడుతుంది, స్క్రూలు పీక్కొస్తాయి. ఆ తలుపు ఇప్పటికీ మూసిన కాసేపటికి తనంతట తానే కిర్రుమని తెరుచుకుంటుంది. వచ్చినవాళ్లు స్వామి మహిమ అనుకొని దండం పెట్టుకుంటున్నారు.

"వెలుతురు చాల్లేదు" అని తేల్చుకొని ఆసామి వై.వీ. స్ట్రీటుకు పోయి 50 వాట్ల ఫ్లడ్ లైటు తెచ్చాడు. బెంచీకి ఎదుటి గోడకు, అంటే తన వీపు వెనక, బిగించాడు. సమస్య లైటు తక్కువవడం ఒక్కటే కాదు, లైటుకూ చేతులకూ నడుమ ఒక తలకాయ ఉండడం. 9 వాట్లప్పుడు ఆ నీడ కాస్త మసగ్గా ఉండేది. 50 వాట్లకు అది కత్తిరించి అతికించినంత నల్లగా, చెవులతో సహా బెంచీ మీద పడింది. అంత కాంతి అంత చిన్న చోటు నుంచి వస్తే నీడ అంచు పదునెక్కుతుంది. స్టీలు స్కేలు మీద తళతళకు గీతలు కనబడవు. పానా అందుకుందామని వెనక్కి తిరిగితే అర నిమిషం సేపు కండ్లు బైర్లు కమ్ముతాయి. ఫ్లడ్ లైటు పుట్టింది ప్రహరీకీ పెరటికీ. మనిషి మొహానికి కాదు.

అదీ కుదరలేదని ఈసారి 4 అడుగుల ఎల్ఈడీ బ్యాటెన్లు, అంటే ట్యూబులైటు మాదిరి పొడుగు పట్టీలు, నాలుగు తెచ్చాడు. ఒక్కోటి 20 వాట్లు, 2000 ల్యూమెన్లు. వస్తువు మంచిదే ఎంచుకున్నాడు. పొడుగాటి దీపం నుంచి కాంతి ఒక చుక్క నుంచి కాకుండా నాలుగడుగుల పొడవునా వస్తుంది కాబట్టి నీడ అంచులు కరిగిపోతాయి. తగిలించిన చోటే తప్పు. అందం కోసం నాలుగింటినీ షెడ్డు నడిమి గీత వెంబడి, రేకులకు ఆనించి, వరసగా బిగించాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి చూసి, "ఏమయ్యా, పెండ్లి పందిరి మాదిరుంది. పెండ్లికొడుకువి నువ్వేనా?" అంది. పందిరంతా వెలుగే గానీ, పది అడుగుల షెడ్డులో నడిమి గీత అంటే బెంచీ గోడకు అయిదడుగులు. ఆసామి నిలబడేది గోడకు రెండున్నర అడుగుల దూరంలో. లైటు మళ్లీ వెనకే. తలకాయ మళ్లీ అడ్డమే.

బండ కూడా తన వంతు చేసింది. తెల్ల సున్నం కొట్టిన గోడ తన మీద పడిన వెలుతురులో నూటికి ఎనభై దాకా తిప్పి పంపుతుంది. నల్ల కడప బండ నూటికి పది కూడా పంపదు. పైగా నల్లటి స్క్రూ నల్లటి బండ మీద పడితే దాన్ని కండ్లతో కాదు, అరచేత్తో తడిమి వెతుక్కోవాల్సిందే. వైసు బిగించి సుత్తితో కొడితే బండ బీట కూడా వేస్తుంది. వంటగట్టుగా దానికి సాటి లేదు. బెంచీగా పనికిరాదు.

రెండు వారాలు గడిచాక ఆసామి కరెంటు భాయ్‌కి ఫోన్ చేశాడు, లైట్ల గురించి కాదు. "భాయ్, గ్రైండరు మోటారు ఎనక్కి తిరుగుతాంది. కనెక్షను తిరగబడిందేమో వచ్చి చూడు."

భాయ్ వచ్చాడు. గ్రైండరు వేశారు. నిజమే, చక్రం పక్కన అంటించిన కాగితపు బిళ్ల మీది గుర్తు ఒకటి కాస్తా రెండై, తాపీగా వెనక్కి పోతోంది. "చూసినావా?" అని ఆసామి వేలు చూపించబోయాడు. భాయ్ ఆ మణికట్టు పట్టుకొని వెనక్కి లాగాడు. ఒక ఇనుప చువ్వ చక్రానికి ఆనించాడు. నిప్పురవ్వలు ఎటు ఎగరాలో అటే, కిందికే, ఎగిరాయి.

"మోటారు కరెక్టే సామీ. మీ లైట్లే అబద్ధం చెప్తాండాయి."

మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు. డ్రైవరు (కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే సర్క్యూటు) సరిగా లేని చవక ఎల్ఈడీ అందులో ప్రతి సగానికోసారి, సెకనుకు 100 సార్లు, వెలిగి మందగిస్తుంది. మామూలుగా కంటికి అది తెలీదు. ఈ గ్రైండరు మోటారు నిమిషానికి 2850 చుట్లు, అంటే సెకనుకు 47.5 చుట్లు తిరుగుతుంది. ఒక మెరుపుకూ ఇంకో మెరుపుకూ నడుమ చక్రం సగం చుట్టుకు కొంచెం తక్కువ తిరుగుతుంది. ఆ తరుగే ప్రతి మెరుపుకూ పోగై గుర్తు రెండుగా చీలి నిమిషానికి 150 చుట్ల వేగంతో వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. ఇదే లెక్క ఇంకో మిషను దగ్గర అచ్చంగా కుదిరితే తిరిగే చక్రం కదలకుండా నిలబడ్డట్టే ఉంటుంది. వేలు పెట్టడానికి అంతకన్నా మంచి ఆహ్వానం లేదు.

ఇది కొనకముందే పట్టేయొచ్చు. అంగట్లో లైటు వెలిగించి, దాని ముందర పెన్సిలును విసనకర్రలా గబగబా ఊపాలి. పెన్సిలు ఒకే మసకగా కనబడితే మంచిది. విడివిడిగా పది పెన్సిళ్లు కనబడితే డబ్బా మూసి వెనక్కి ఇచ్చేయాలి. అట్లాంటి లైటుకు ఫోను కెమెరా పెట్టినా నల్ల పట్టీలు కదులుతూ కనిపిస్తాయి. అంగడాయన వింతగా చూస్తాడు, చూడనీండి.

భాయ్ ఇంతలో షెడ్డంతా ఒక చుట్టు చుట్టాడు. ఆసామిని బెంచీ ముందు నిలబెట్టి, వంగమన్నాడు. నీడ చూశాడు. పైన వరసగా ఉన్న లైట్లు చూశాడు.

"సామీ, లైటు అడ్డం లేదు, తలకాయే అడ్డమొస్తాంది. తలకాయ తీసేసేది నా చేతగాదు. లైటు జరపల్ల."

జరిపాడు. పెన్సిలు పరీక్షలో తప్పిన రెండింటిని అంగడికి పంపి మార్పించాడు. రెండు బ్యాటెన్లను ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు, బెంచీకి సమాంతరంగా, ఎనిమిదడుగుల పొడుగునా పెట్టాడు. గోడ నుంచి అడుగుంపావు దూరం, నేల నుంచి ఏడడుగుల ఎత్తు. బెంచీ ఎత్తు 34 అంగుళాలు కాబట్టి లైటు పని మీద నాలుగడుగుల పైన ఉంది. మనిషి వంగినప్పుడు తల బెంచీ ముందంచు మీదికొస్తుంది, లైటు అంతకన్నా లోపల, గోడవైపు ఉంటుంది. నీడ వెనక్కి, నేల మీద పడిపోతుంది. కండ్లలోకి కొట్టకుండా ముందువైపు మూడంగుళాల రేకుపట్టీ వంచి దిగగొట్టాడు. అవే 40 వాట్లు ఇప్పుడు బెంచీ మీద 500 లక్సులు దాటిస్తున్నాయి. బండ మీద పాత ప్లైవుడ్డు పరిచి దానికి తెల్ల సన్‌మైకా అంటించారు. గోడలకూ రేకుల అడుగుకూ తెల్ల రంగు వేశారు. ఈ తెలుపు కూడా ఒక లైటు లెక్కే, కరెంటు బిల్లు లేకుండా.

మిగిలిన రెండింటికి ఇంకో రెండు చేర్చి, షెడ్డు మిగతా భాగంలో రెండు వరసలుగా వేశారు. వరసల మధ్య ఎడం, బెంచీ మీది నుంచి లైటు దాకా ఉన్న ఎత్తుకు ఒకటింబావు రెట్లు దాటకూడదు. దాటితే నడుమ చీకటి మడుగులు ఏర్పడతాయి. కారు నిజంగానే లోపల పెట్టేవాళ్లు వీటిని పక్కగోడల వైపుకు జరపాలి, నడుమ లైటుంటే బానెట్ ఎత్తగానే ఇంజను మీద రాత్రి పడుతుంది. షట్టరు చుట్టుకొనే చోటుకు కూడా దూరంగా ఉండాలి.

రేకులకు ఆనించొద్దని భాయ్ కరాఖండిగా చెప్పాడు. కడప మే నెల ఎండకు రేకు అడుగున పేరుకునే వేడి ఎల్ఈడీ డయోడును వెంటనే చంపదు గానీ డ్రైవరులోని కెపాసిటరును ఉడకబెడుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని పనివాళ్ల లెక్క. అందుకే పైపులకు క్లాంపు వేసి, గొలుసుతో ఒకటిన్నర అడుగు కిందికి వేలాడదీశాడు. రేకుకు తూటు పెట్టలేదు. పెడితే ఎండాకాలం అంతా బాగానే ఉండి తొలివానకు లైటు మీదే కారుతుంది.

తీగల సంగతి ఆసామికి ఒకరోజు తెలిసొచ్చింది. గ్రైండరు మీద లోడు ఎక్కువై ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్చి) పడిపోయి, అదే లైన్లో ఉన్న లైట్లన్నీ ఆరిపోయి, చీకట్లో చక్రం మాత్రం గుయ్యిమని ఇంకా తిరుగుతూ ఉంది. ఆసామి కదలకుండా, ఊపిరి బిగబట్టి, చక్రం ఆగేదాకా దానికేసి చూస్తూ, అంటే చూస్తున్నాననుకుంటూ, నిలబడ్డాడు. ఇప్పుడు లైట్లకు వేరే 6 ఆంపియర్ల ఎంసీబీ, 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. మిషన్లకు 16 ఆంపియర్ల సాకెట్లు, 2.5 తీగ. అన్నిటికీ కలిపి ముందర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచేది), సరైన ఎర్తు. బెంచీ లైట్లలో ఒకటి ఇన్వర్టరుకు. డ్రిల్లు స్టాండు దగ్గర వంగే మెడ ఉన్న 5 వాట్ల దీపం ఎడమ పక్క నుంచి, ఆసామి కుడిచేతి వాటం కాబట్టి.

రంగు విషయంలో మాత్రం ఆసామి భాయ్ మాట వినలేదు. 4000 కెల్విన్ల (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగులో నీలం పాలు పెరుగుతుంది) తెలుపు తీసుకోమంటే, 6500 ఇంకా తెల్లగా ఉందని అదే ఉంచాడు. పెట్టె మీద సీఆర్ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె, ఎంతుందో చూడలేదు. 80కి తక్కువైతే ఎరుపులు, మెరూన్లు, గోధుమ రంగులు ఒకదాని వేషం ఒకటి కడతాయి. స్కూటరు మెరూన్ రంగు మీది గీతకు షెడ్డులో టచప్ చేశాడు. లోపల ఎక్కడ వేశాడో ఆయనకే తెలియలేదు. పొద్దున ఎండలోకి తెస్తే పక్క వీధికి కూడా తెలిసింది. దాని మీద వేసిన వార్నిష్‌లో తొలకరి ఉసిళ్లు రెక్కలతో సహా అతుక్కొని ఉన్నాయి. నీలం పాలు ఎక్కువున్న తెల్ల వెలుగు పురుగుకు ఇష్టం. వానాకాలం రంగు పని పగలే, షట్టరెత్తి చేసుకోవాలి.

ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి షట్టరు సగం ఎత్తి పని చేస్తుంటే ఏడురోడ్ల దిక్కు నుంచి వచ్చేవాళ్లకు దూరం నుంచే ఆ తెల్ల వెలుగూ, గోడకు వేలాడే పానాలూ కనిపిస్తున్నాయి. మొన్న ఒక పిల్లోడు చెమటలు కక్కుతూ బండి నెట్టుకుంటూ వచ్చి గడప దగ్గర స్టాండు వేశాడు.

"అన్నా, పంచరేస్తావా?"

ఆసామి కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వంగి టైరు చూశాడు. నీడ పడలేదు.

"ట్యూబులెస్సా, ట్యూబుదా?" అన్నాడు.