కారు నావిగేషన్ గారికి, అడ్వాన్స్ ఇచ్చే ముందు

మహారాజశ్రీ కారు నావిగేషన్ గారికి,

మెహదీపట్నం నుంచి ఒక కారు యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మిమ్మల్ని డ్యాష్‌బోర్డు ఎక్కించుకోవాలని కొన్నాళ్లుగా షాపులు తిరుగుతున్నాను. ఎక్కడికెళ్లినా మీ ఒడ్డూ పొడుగే చెబుతున్నారు. తొమ్మిది అంగుళాలా, పది అంగుళాలా? ర్యామ్ రెండు జీబీనా, నాలుగా? తలుపుల వెంబడి రంగురంగుల లైట్లు కావాలా? ఇంతకీ దారి సరిగ్గా చెబుతారా అని అడిగితే షాపాయన నన్ను జాలిగా చూసి, "అదెలాగూ చెబుతుంది సార్, ముందు ఈ బాస్ వినండి" అంటూ పాట పెట్టేశాడు. కారు అద్దాలు అదిరాయి. దారి సంగతి అక్కడితో సరి.

పోనీ కొత్త కారుతోనే మిమ్మల్ని తెచ్చుకుందామంటే, మీరు టాప్ మోడల్‌లో తప్ప దొరకరట. అది తీసుకుంటే సన్‌రూఫ్ వస్తుంది, అల్లాయ్ వీల్స్ వస్తాయి, స్టీరింగ్‌కి తోలు తొడుగు వస్తుంది. నాకు కావాల్సింది నాగోలు వెళ్లే దారి.

మీ పుట్టుపూర్వోత్తరాలు కాస్తో కూస్తో చదివే వచ్చాను లెండి. పైన 20 వేల కిలోమీటర్ల ఎత్తున అమెరికా సైన్యం తిప్పుతున్న జీపీఎస్ ఉపగ్రహాలు. ఒక్కోటీ తన గడియారంలో టైమెంతో చెబుతూ తిరుగుతుంది. ఆ కబురు కిందికి చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి మీరు దూరం కడతారు. నాలుగింటి లెక్క కుదిరితే మనం ఎక్కడున్నామో తేలుతుంది. 2000 మే దాకా ఆ సైన్యమే కావాలని లెక్కలో తప్పు కలిపి పంపేది. మామూలు జనానికి వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. (వంద మీటర్లంటే మా వైపు వేరే గల్లీ, వేరే ఇరానీ హోటల్.) క్లింటన్ గారు దాన్ని ఆపించాకే మీ వంశం వృద్ధిలోకి వచ్చింది. ఈ చరిత్రంతా ఎందుకంటే, ఆ ఉపగ్రహాల సిగ్నల్‌కి నేను పైసా కట్టక్కర్లేదు, మిమ్మల్ని తయారు చేసినవాళ్లూ కట్టక్కర్లేదు. మరి మీకు పోసే డబ్బు దేనికి? తెరకా, మ్యాప్‌కా? బిల్లులో ఆ ముక్క ఎవరూ రాయరు.

మ్యాప్ అంటే గుర్తొచ్చింది. మా పాత కారులో మీ అన్నగారు ఒకరు ఉండేవారు. దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020 సెప్టెంబర్‌లో తెరిచారు. ఆయన మ్యాప్ అంతకు ముందుది. జూబ్లీహిల్స్ వైపు నుంచి వంతెన ఎక్కగానే తెర మీద నీలం రంగు పరుచుకునేది, దాని మధ్యలో మా కారు బాణం. చెరువులో ఉన్నామని తెలిసీ ఆయన కంగారు పడేవారు కాదు. "వీలైన చోట యూ టర్న్ తీసుకోండి" అని మెల్లగా చెప్పేవారు, ఇనార్బిట్ మాల్ కనిపించేదాకా చెబుతూనే ఉండేవారు. కొత్త మ్యాప్ వేయమని సర్వీస్ సెంటర్‌కి వెళితే, ఈ మోడల్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయన్నారు. మరెలా అంటే కొత్త కారు బ్రోచర్ చేతిలో పెట్టారు. ఒక వంతెన గురించి తెలుసుకోవాలంటే మనిషి కారు మార్చాలి.

మీ పెట్టె మీద చిన్న అక్షరాల్లో నావిక్ అని కూడా చూశాను, అంటే జీపీఎస్ లాంటి మన దేశపు సొంత ఉపగ్రహాల వ్యవస్థ. ఛాతీ ఉప్పొంగింది. మన శ్రీహరికోట నుంచి 2013 జులైలో దానికి మొదటి ఉపగ్రహం ఎగిరింది. తర్వాత కొన్నిటిలో పరమాణు గడియారాలు మొరాయించాయి. 2023 మేలో మన సొంత రుబీడియం గడియారంతో ఎన్‌వీఎస్-01 వెళ్లింది, మామూలు చిప్‌లు తేలిగ్గా పట్టుకునే ఎల్1 సిగ్నల్ దాంతోనే మొదలైంది. 2025 జనవరిలో ఎన్‌వీఎస్-02, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం. రాకెట్ తన పని తాను చేసింది, ఉపగ్రహంలోనే వాల్వ్ తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేదు. ఇంత కథ ఉంది కాబట్టి, మీలో ఎల్1 పట్టే చిప్ ఉందా, పాత ఎల్5 ఒక్కటేనా అని మర్యాదగా అడిగాను. "ఎల్ఈడీ సార్. క్యూఎల్ఈడీ కావాలంటే రెండు వేలు ఎక్కువవుద్ది" అన్నాడు షాపాయన.

అసలు సందేహం ఇప్పుడు చెబుతాను, కోపం తెచ్చుకోకండి.

మా ఇంటి దగ్గర మొదలై ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవైన ఫ్లైఓవర్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, 2009 నుంచీ ఉంది. సరిగ్గా దాని కిందే ఇంకో రోడ్డు. పైనుంచి చూస్తే రెండూ ఒకటే గీత. మీ ఉపగ్రహాలన్నీ నెత్తి మీదే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు. అందుకే అటూ ఇటూ జరిగినంత ఖచ్చితంగా ఎత్తు మీకు తెలియదు. ఇక ఫ్లైఓవర్ కింద చేరామంటే ఆకాశానికి బదులు కాంక్రీటు. అప్పుడు మీరు ఊహించడం మొదలుపెడతారు. నేను పైన ఉంటే కింద ఉన్నాననుకుని, అత్తాపూర్ రాగానే "ఎడమకు తిరగండి" అంటారు. ఎడమకు చూస్తే పిట్టగోడ, దాని అవతల ఎవరిదో రెండో అంతస్తు బాల్కనీ, తీగ మీద ఆరేసిన లుంగీ. ఎనభైలో పోతున్న కారును అందులోకి ఎలా తిప్పమంటారు? ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం మీ ఉపగ్రహ గడియారాలు రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయట, దాన్ని కూడా సరిదిద్దుతారట. అంత తెలిసినవారు నేను ఫ్లైఓవర్ ఎక్కానా లేదా అనేది కనిపెట్టలేరా? గూగుల్ మ్యాప్స్ వాళ్లు 2024 నుంచి మన నగరాల్లో ఫ్లైఓవర్ వస్తోందని ముందే హెచ్చరిస్తున్నారు. మీకూ కాస్త రోషం రావాలి.

పైగా ఆ కింద రోడ్డులో అడ్రస్ అంటే ఫ్లైఓవర్‌ని మోసే పిల్లర్ నంబరే. షాపుల బోర్డుల మీద అదే, పెళ్లి శుభలేఖల మీద అదే. మీ సెర్చ్‌లో పిల్లర్ నంబర్ కొడితే ఏ రాష్ట్రం అని అడుగుతున్నారు.

ఇక మీ చెవి, అదే సిగ్నల్ పట్టే యాంటెన్నా సంగతి. నల్లటి చిన్న బిళ్ల, వెనక అయస్కాంతం, పొడుగాటి వైరు. దాన్ని ముందు అద్దం దగ్గర ఆకాశం కనిపించేలా పెట్టాలి. ఫిట్టర్ కుర్రాడు గ్లవ్ బాక్స్ వెనక్కి తోసేసి ప్యానెల్ బిగించేస్తాడు. వైరు కనబడితే కస్టమర్లు గొడవ చేస్తారట.

ఇదంతా దేనికి, ఫోన్ ఉందిగా అంటారు మావాళ్లు. ఉంది. ఎడమా కుడా అని తేల్చుకోవాల్సిన జంక్షన్‌లోనే అత్తగారి కాల్ వచ్చి, ఆవిడ ఫొటో మ్యాప్ మొత్తం కప్పేస్తుంది. మే నెల ఎండలో హోల్డర్‌కి తగిలిస్తే కాసేపటికి కాలిపోతూ తనంతట తానే పడుకుంటుంది. 2020 అక్టోబర్ నుంచి ఉన్న రూలు ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చు, అదీ డ్రైవింగ్ మీద ధ్యాస చెదరకుండా. ధ్యాస చెదరకుండా అత్తగారి కాల్ ఎలా కట్ చేయాలో అందులో రాయలేదు.

ఆ బాధ పడలేకే కదా మీ గుమ్మం తొక్కింది? మీరేమో డెమోలో కళ్లు తెరవగానే అన్న మొదటి మాట: ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేయండి. శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు దాటాక అడవిలో ఫోన్ సిగ్నల్ పోతుంది. అక్కడ ఉపగ్రహాలు మీకు నిక్షేపంగా కనిపిస్తాయి, మ్యాపే దిగదు. ఖాళీ గళ్ల మధ్య బాణం ఒక్కటీ ముందుకు పోతుంటుంది. రాత్రి తొమ్మిదికి ఆ చెక్‌పోస్టు మూసేస్తారన్న సంగతైనా మీకు తెలుసా? లేక పదింటికి కూడా "నేరుగా వెళ్లండి" అంటారా?

మ్యాప్‌ని కడుపులోనే దాచుకుని, నెట్ లేకపోయినా పనిచేసే మీ పెద్దన్న ఒకాయన ఉండాలే, అద్దానికి రబ్బరు కప్పుతో అతుక్కునే రకం? అడిగితే షాపాయన "అవెవరు కొంటున్నారు సార్" అని గొణుగుతూ అటక మీంచి దుమ్ము దులిపి ఒకటి తెచ్చాడు. తెర చిన్నది, లైట్లు లేవు, బాస్ లేదు. దాని కార్డులో మ్యాప్ ఏ సంవత్సరానిదో చెప్పగలిగితే నేను దానికే ఓటు వేస్తాను. ఆయన ఇంకా కార్డు వెతుకుతున్నాడు.

కాబట్టి వచ్చే ఆదివారం ఉదయం మీరూ, ఆ పెద్దన్నా ఇద్దరూ తయారుగా ఉండండి. మెహదీపట్నంలో బయల్దేరి ఒకసారి పైన, ఒకసారి కింద ఆరాంఘర్ దాకా వెళ్దాం. హాట్‌స్పాట్ ఇవ్వను. ఎవరు పైనా కిందా సరిగ్గా చెబితే వారికే అడ్వాన్స్. షాపాయన కూడా వస్తానన్నాడు, పాటలు వద్దని ముందే చెప్పాను.

ఇట్లు,
పిల్లర్ నంబర్ 20 పక్క గల్లీవాడు

తా.క.: వచ్చేటప్పుడు ఫిట్టర్ కుర్రాణ్ణి వెంటబెట్టుకు రండి. మీ చెవి ఎక్కడ దాచాడో వాడొక్కడికే తెలుసు.