కమ్మరికి సుత్తి కొనిద్దాం రండి

ఏ వృత్తీ ఊరికే చచ్చిపోదు. దాని వెనక ఎవరిదో ఒకరి తప్పు ఉండి తీరాలి. ఊళ్లలో కొలుములు ఎందుకు ఆరిపోతున్నాయో, ఆ తప్పు ఎవరిదో సాక్ష్యాధారాలతో విచారించి తేల్చాను. తప్పు కమ్మరిదే. ప్రభుత్వాన్నీ, మార్కెట్‌నీ, మనలాంటి చదువుకున్నవాళ్లనీ నిర్దోషులుగా విడుదల చేస్తున్నాను.

ఆయన మీద ఉన్న అతి పెద్ద నేరారోపణ గొడ్డలి.

దాన్ని ఆయన చేసే పద్ధతి చూడండి. కొత్త ఉక్కు కొనడు. పాత ఇనుప సామాను కొట్టుకు వెళ్లి, విరిగిపోయిన లారీ కమాన్ పట్టీ ఒకటి ఏరుకొస్తాడు. మన గుంతల రోడ్ల మీద టన్నుల కొద్దీ బరువు కింద ఏళ్ల తరబడి వంగి లేచిన ఉక్కు అది. అందులో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. గొడ్డలికి కావలసింది దాదాపు అంతే. ఈ సంగతి ఆయనకు ఏ ప్రయోగశాలా చెప్పలేదు. పట్టీని కొలిమిలో ఎర్రగా కాలుస్తాడు, దాకలి అనే ఇనుప దిమ్మె మీద పెడతాడు, పటకారుతో తిప్పుతూ చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో చూపిస్తాడు. అక్కడ ఇంకొకరు సమ్మెట వేస్తారు. చాలా కొలుముల దగ్గర ఆ ఇంకొకరు ఆయన భార్యే. ఈవిడ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు ఒక కాగితం మీద ఆవిడ మాయం కాబోతోంది.

ఆకారం వచ్చాక అసలు పని మొదలవుతుంది. అంచును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. కానీ గాజులా పెళుసైపోతుంది కూడా. అలాగే వదిలేస్తే చింతమొద్దు మీద మొదటి దెబ్బకే అంచు రాలిపోతుంది. అందుకని అంచును మాత్రం ముంచి తీసి, వెనక భాగంలో మిగిలిన వేడిని మెల్లగా అంచు వైపు పాకనిస్తాడు. అప్పుడు రుద్ది మెరిపించిన ఉక్కు మీద రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత ఊదా, చివరికి నీలం. ఉలికైతే ఎండుగడ్డి రంగు దగ్గర ఆపాలి. గొడ్డలి దెబ్బ తినే వస్తువు కాబట్టి ఇంకాస్త ముందుకు పోనివ్వాలి. నీలం కూడా దాటిపోయిందంటే అంచు మెత్తబడినట్టే, మళ్లీ మొదటికి రావాలి. పుస్తకాల్లో ఈ రంగుల పక్కన 220 డిగ్రీలు, 300 డిగ్రీలు అని అంకెలు వేసి ఉంటాయి. ఆయన దగ్గర అంకెలు లేవు, కళ్లున్నాయి. కొలిమి చెట్టు నీడనో చీకటి పాకలోనో ఎందుకుంటుందంటే, ఎండలో ఈ రంగులు సరిగ్గా కనపడవు. మనం మాత్రం దాన్ని వెనకబాటుతనం కింద రాసుకున్నాం.

ఇంత చేసి ఆయన సాధించిందేమిటయ్యా అంటే, పాడవని గొడ్డలి. ఇదీ నేరం. తాత కొనిపెట్టిన గొడ్డలితో మనవడు కట్టెలు కొడుతుంటాడు. మధ్యలో తుమ్మ కామ, అంటే కర్ర పిడి, నాలుగైదుసార్లు మారి ఉంటుంది, అంతే. ఫోన్ తయారుచేసేవాణ్ణి చూడండి, రెండేళ్లకు బ్యాటరీ ఉబ్బేలా ఎంత బాధ్యతగా పనిచేస్తాడో! వాడి పిల్లలు బాగా చదువుకుంటున్నారు. ఒక్కసారి కొంటే మూడు తరాలు మళ్లీ రానవసరం లేని సరుకు అమ్మినవాడు దివాలా తీస్తే అందుకు ఎవర్ని నిందించాలి?

పోనీ మరమ్మతు దగ్గరైనా నాలుగు డబ్బులు గుంజాడా అంటే అదీ లేదు. గొడ్డలి అంచు అరిగితే కొత్త ఉక్కు వేసి ఇచ్చాడు. కొడవలికి కక్కు, అంటే పళ్లు, పెట్టాడు, నాగలి కర్రు సాగగొట్టాడు, గునపం మొన తీర్చాడు. ఏడాదంతా ఇలా చేసినందుకు కోతలయ్యాక కళ్లంలో ఇంతని ధాన్యం కొలిచి పోసేవాళ్లు, దాన్నే మేర అంటారు. ఇప్పుడు ఏసీ కంపెనీలు, లిఫ్టు కంపెనీలు ఏటేటా మన దగ్గర వసూలు చేసే మెయింటెనెన్స్ కాంట్రాక్టు సరిగ్గా ఇదే. తేడా ఏమిటంటే, వాళ్లు ఫోన్ ఎత్తరు, ఈయన పిలిస్తే పలికేవాడు. ఇంత గొప్ప వ్యాపార పద్ధతిని కనిపెట్టి దానికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టుకోలేకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. ట్రాక్టరొచ్చి కర్రును తీసుకుపోయింది, కోత మిషనొచ్చి కొడవలిని తీసుకుపోయింది, వాటి వెనకే మేరా పోయింది.

ప్యాకింగ్ లేకపోవడం ఇంకో ఘోరం. స్వీడన్‌లో గ్రాన్స్‌ఫోర్స్ అనే ఊరి పేరుతో గొడ్డళ్ల కార్ఖానా ఒకటుంది, 1902లో మొదలైంది. అక్కడ చేసిన గొడ్డలి తల మీద దాన్ని కొట్టిన కమ్మరి పేరులోని పొడి అక్షరాలు ముద్ర వేసి ఉంటాయి. అంచుకు తోలు తొడుగు, గొడ్డలి గురించి చదువుకోవడానికి చిన్న పుస్తకం, 20 ఏళ్ల గ్యారంటీ. మన దాకా వచ్చేసరికి ధర పది వేల రూపాయలు దాటుతుంది. మంచి గొడ్డలే, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. వాళ్ల కమ్మరికి వాళ్లు మర్యాద ఇచ్చుకుంటున్నారు, గిట్టుబాటు ధర పెట్టుకుంటున్నారు. ఆ 20 ఏళ్ల గ్యారంటీ దగ్గరే కాస్త నవ్వొస్తుంది. మన పల్లెల్లో 20 ఏళ్ల గొడ్డలిని కొత్త గొడ్డలి అంటారు.

ఇక్కడ వారపు సంతలో జరిగేది వేరు. కారు దిగిన పెద్దమనిషి గొడ్డలిని చేత్తో ఎత్తి చూస్తాడు.

“ఎంత?”

“ఐదొందలు సారూ. కమాన్ పట్టీది.”

“పాత ఇనుము కిలో ఎంతుందో నాకు తెలీదనుకున్నావా ఆచారీ? మూడొందలు తీసుకో.”

పాత ఇనుము కిలో లెక్కన గొడ్డలి బేరమాడిన ఆ చెయ్యే అదే సాయంత్రం మాల్‌లో కాఫీ బిల్లు కడుతుంది. కాఫీపొడి కిలో ఎంతని అక్కడ అడగదు. అడిగితే బాగుండదు కదా, మనకంటూ ఒక సంస్కారం ఉంది.

ఈ మధ్య నగరాల్లో చెక్కపని హాబీ ఒకటి బయల్దేరింది. మంచిదే, కొందరు నిజంగా చక్కగా చేస్తున్నారు. నాకు తెలిసిన ఒక సాఫ్ట్‌వేర్ మిత్రుడు జపాన్ నుంచి ఉలి తెప్పించుకున్నాడు. అక్కడ దాన్ని నోమి అంటారట. బాల్కనీలో కూర్చోబెట్టి దాని గొప్పతనం వివరించాడు. వెనక మెత్తని ఇనుము, అంచున గట్టి ఉక్కు, రెండింటినీ కొలిమిలో కాల్చి అతికించారు, అంచేమో పదును నిలుపుతుంది, ఇనుమేమో దెబ్బను ఓర్చుకుంటుంది అన్నాడు. “ఈ ఆలోచన చూడండన్నా, ఎంత అద్భుతమో!” అన్నాడు. అద్భుతమే. మన కమ్మరి గొడ్డలికి ఉక్కు వేయడమంటే చేసేదీ ఈ అతుకే. ఆ బాల్కనీలోంచి కిందికి తొంగి చూస్తే, బైపాస్ పక్కన గుడారం వేసుకుని, నేలలో గుంట తీసి బొగ్గు రాజేసుకుని, ఉత్తరాది నుంచి వచ్చిన సంచార కమ్మరి కుటుంబం ఒకటి గొడ్డళ్లు కొడుతోంది. మా మిత్రుడి అపార్ట్‌మెంట్ సంఘం ఆ చప్పుడు ఆపించాలని ఫిర్యాదు రాసింది. హ్యాండ్ ఫోర్జ్‌డ్ వస్తువు ఎంత మధురమైనా, అది తయారయ్యే శబ్దం వేరే దేశంలోనే ఉండాలి.

అంతమాత్రాన మనకు కమ్మరి మీద గౌరవం లేదనుకుంటే పొరపాటు. రెండొందల ఏళ్ల కిందటి కమ్మరి మీద ఎంత గౌరవమో చెప్పలేను. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరెత్తితే చాలు, మన ఛాతీ ఉబ్బుతుంది. అక్కడ మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వ్యాపారి వచ్చి మకాం వేశాడనీ, తమ దేశంలో అలాంటిది చేయబోతే కుదరలేదని చెప్పాడనీ హెన్రీ వోయిసీ అనే ఇంగ్లీషాయన రాసిపెట్టాడు. అది 1832లో అచ్చయింది. లండన్‌లో మైకేల్ ఫారడే 1819లో ఇలాంటి దక్షిణ భారత ఉక్కునే ముక్కలు చేసి, అందులో ఏముందో తేల్చడానికి కూర్చున్నాడు. కత్తులు చేసే స్టోడార్ట్‌తో కలిసి దానికి సాటి వచ్చే లోహం కోసం ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. ఆ ఫారడే తండ్రి కూడా కమ్మరే. కమ్మరి కొడుకు శాస్త్రవేత్త అయ్యాక కూడా కమ్మరి పనినే అర్థం చేసుకోవాలని చూశాడన్నమాట. మనం తెలివైనవాళ్లం, డమాస్కస్ కత్తి ఫొటో ఒకటి పెట్టి ‘మన ఉక్కే’ అని వాట్సాప్‌లో పంపించి పడుకుంటాం. చనిపోయిన కమ్మరి బేరాలాడడు, చప్పుడు చేయడు, అప్పడగడు. మన పేచీ అంతా బతికున్నవాడితోనే.

అయినా ప్రభుత్వం ఆయన్ని వదిలెయ్యలేదు. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి రోజున, పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది. 13,000 కోట్ల రూపాయల పథకం, 18 వృత్తులు. ఆ జాబితాలో కమ్మరి ఉన్నాడు. కమ్మరి పక్కనే ‘సుత్తి, పనిముట్ల కిట్ తయారీదారు’ అని విడిగా ఇంకో వృత్తి కూడా ఉంది. పథకం కింద ప్రతి ఒక్కరికీ పనిముట్ల కిట్ కొనుక్కోవడానికి 15,000 రూపాయల ఈ-వోచర్ ఇస్తారు. ఒక్కసారి ఆగి ఈ వాక్యం రుచి చూడండి: పనిముట్ల కిట్ తయారుచేసేవాడికి పనిముట్ల కిట్ ఇస్తారు. కమ్మరి వీధిలో సూదులమ్మడం అని పెద్దవాళ్లు వెక్కిరించారు గానీ, ఆ వీధిలో వోచర్ మీద సూదులు పంచవచ్చన్న ఆలోచన వాళ్లకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం, వాళ్లకు పథకాలు లేవు.

ఇందులో చేరాలంటే వేలిముద్ర వేయాలి. చిన్నప్పట్నుంచీ సుత్తి పట్టి, నిప్పురవ్వలకు కాలి, వేళ్ల మీద గీతలు అరిగిపోయిన మనిషి మిషన్ మీద బొటనవేలు పెడితే, ఆ వేలు ఎవరిదో దానికి తెలియదు. కమ్మరి కాకపోయుంటే గీతలు స్పష్టంగా పడేవి. కుటుంబానికి ఒక్కరికే అవకాశం. ఇందాక గుర్తుంచుకోమన్నానే, సమ్మెట వేసే ఆవిడ, ఇక్కడే మాయమైపోయింది. ముందు పంచాయతీ, తర్వాత జిల్లా కమిటీ, ఆ పైన ఇంకో కమిటీ చూసి, ఈయన కమ్మరేనని తేల్చాక ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ. నలభై ఏళ్లుగా ఇనుము కొడుతున్నవాడికి ఇనుము కొట్టడంలో ప్రాథమిక శిక్షణ! దానికి రోజుకు 500 రూపాయల భత్యం ఇస్తారు. ఈ పథకం మొత్తంలో నాకు నిజంగా నచ్చింది ఇదొక్కటే. కొలిమి దగ్గర కూర్చుంటే ఆ 500 ప్రతిరోజూ వస్తుందన్న నమ్మకం లేదు, కుర్చీలో కూర్చుంటే వస్తుంది. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షలు అప్పు కూడా ఇస్తారు. బ్లోయర్ కొనుక్కోవడానికో, పవర్ హ్యామర్‌కో పనికొచ్చే డబ్బే, కాదనను. తీర్చడానికి గొడ్డలి కొనేవాడు కావాలి, వాడు ఈ 18 వృత్తుల జాబితాలో లేడు.

ఎవరో తలతిక్క మనిషి నాతో అన్నాడు: “లక్షల మందికి కిట్లు కొంటున్నారు కదా, అందులో సుత్తులు, ఉలులు, బాడిసలు, పటకార్లు కమ్మరులతోనే చేయించి కొనొచ్చు కదండీ. వడ్రంగి కిట్‌లో కమ్మరి ఉలి, తాపీమేస్త్రీ కిట్‌లో కమ్మరి సుత్తి పెడితే పనీ దొరుకుతుంది, డబ్బూ అక్కడే తిరుగుతుంది.” ఎంత అమాయకత్వం! అలా చేస్తే కమ్మరి నిలదొక్కుకుంటాడు. నిలదొక్కుకున్నవాణ్ణి ఆదుకోవడం కుదరదు. ఆదుకోవడం కుదరకపోతే సభ ఉండదు, వేదిక ఉండదు, కిట్ పెట్టె చేతికిస్తూ చెరో వైపు పట్టుకుని కెమెరా వైపు చూసే ఫొటో ఉండదు.

అయినా ప్రజాస్వామ్యంలో ఏ సలహానూ కొట్టిపారేయకూడదని, కమ్మరుల దగ్గర సుత్తులు కొనడానికి ఒక టెండర్ ముసాయిదా నేనే తయారుచేసి పెట్టాను. షరతులు సులభంగానే ఉంచాను. గత మూడేళ్ల టర్నోవర్ కోటి రూపాయలకు తగ్గకూడదు. జీఎస్టీ నంబరు, ఆడిట్ చేసిన లెక్కలు జతచేయాలి. ఇంతకుముందు ఏదైనా ప్రభుత్వ శాఖకు సుత్తులు సరఫరా చేసిన అనుభవ పత్రం ఉండాలి. ఉక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో మిల్లు సర్టిఫికెట్ చూపాలి. లారీ పేరు, డ్రైవర్ పేరు చెల్లవు. అంచుకు ఎన్ని డిగ్రీల వేడి పట్టించారో అంకెల్లో రాయాలి, రంగుల్లో రాసిన దరఖాస్తులు తిరస్కరించబడును. వేలిముద్ర స్పష్టంగా ఉండాలి. దరఖాస్తుతో పాటు శాంపిల్ సుత్తి ఒకటి, కామతో సహా, జిల్లా కేంద్రంలో సమర్పించాలి. శాంపిల్ తిరిగి ఇవ్వబడదు.