పూడిక తీసే ముందు ఒక్క రోజు ఆగండి

పోయిన ఎండాకాలం మా అమ్మమ్మ వాళ్ల ఊరి చెరువులో పూడిక తీస్తుంటే ఒక వీరగల్లు బయటపడింది. మోకాలెత్తు రాయి. దాని మీద చెక్కిన వీరుడికి ఒక చేతిలో డాలు, ఇంకో చేతిలో కత్తి, నడుముకు బాకు. కత్తి పట్టిన చేతి మీద మూడు తెల్లటి గీతలు పడ్డాయి, జేసీబీ పళ్లవి. సాయంత్రానికల్లా దాన్ని వేపచెట్టు కింద నిలబెట్టి పసుపు రాశారు.

"ఎక్కడ దొరికింది మామా?" అని ట్రాక్టర్ తోలిన మామను అడిగాను. "తూము కాడనో, నడిమిట్లనో... రాత్రి తోలినం బిడ్డా, యాదికి లేదు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. గుర్తుపెట్టుకోవాలని ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

కానీ ఆ 'యాదికి లేదు' నన్ను ఇప్పటికీ వదలడం లేదు. యుద్ధంలోనో, పసులమందను కాపాడుతూనో ప్రాణం పోగొట్టుకున్నవాడి కోసం నిలబెట్టిన రాయి అది. ఎంత లోతులో, ఏ మట్టి పొరలో, ఏ పక్కకు ఒరిగి ఉందో తెలిస్తే చెరువు ముందా, ఆ పోరు ముందా అన్నదైనా తేలేది. రాయి మిగిలింది, దాని కథ ట్రాక్టర్ ఎక్కి పొలాల పాలైంది.

అమెరికాలో లేక్ చాంప్లేన్, లేక్ జార్జ్ అని పక్కపక్కనే రెండు సరస్సులున్నాయి. ఆ లోయంతా పాత యుద్ధభూమే. 1776 అక్టోబరు 11న చాంప్లేన్‌లో బ్రిటిష్ వాళ్లతో పోరాడి మునిగిన 'ఫిలడెల్ఫియా' పడవను 1935లో పైకి తీస్తే, దాన్ని ముంచిన 24 పౌండ్ల ఇనుప గుండు చెక్కలో అలాగే ఇరుక్కుని ఉంది. దాని జత పడవ 'స్పిట్‌ఫైర్' 1997లో దొరికింది. దాన్ని మాత్రం పైకి లాగలేదు. ఉన్నచోటే ఉంచి కొలతలు తీసుకున్నారు. 1758లో బ్రిటిష్ సైన్యం ఫ్రెంచివాళ్లకు దక్కకూడదని లేక్ జార్జ్‌లో తానే ముంచేసిన ఏడు వైపులున్న యుద్ధనౌకను 1990లో సోనార్‌తో కనిపెట్టారు. అదీ ఇప్పటికీ నీళ్లలోనే ఉంది. వస్తువుతో పాటు అది పడి ఉన్న చోటునూ వాళ్లు కాపాడుకుంటున్నారు. నాకు కుళ్లు పుట్టేది అక్కడే.

మన చెరువుల్లో యుద్ధనౌకలు దొరుకుతాయని నేననడం లేదు. మన దగ్గర పోరాటాలు నీళ్ల చుట్టూ జరిగాయి. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించినప్పటి సంగతులు అమీర్ ఖుస్రో రాసిపెట్టాడు. మట్టికోటలో ఉక్కు ఈటె కూడా దిగదట, యంత్రంతో రాయి విసిరితే పిల్లలాడుకునే గింజలా ఎగిరి వెనక్కి పడుతుందట. కవి కాబట్టి కొంత పెంచి రాసే ఉంటాడు. అయినా అలా వెనక్కి పడ్డ రాళ్లు ఎక్కడికి పోతాయి? కందకం అడుగున, ఏడు వందల ఏళ్ల ఒండ్రు కింద ఉండే అవకాశం లేదా? అందుకే కందకంలో జేసీబీ బకెట్ దించుతుంటే నాకు గుండెలో కలుక్కుమంటుంది. ఉప్పరపల్లిలో ఢిల్లీ సేనను ఓడించామని పోటీ పరీక్షల కోసం బట్టీ పడతాం. ఆ పోరు ఏ పొలాల్లో జరిగిందని ఒక్కసారైనా అనుకున్నామా? మేడారం జాతరకు పోయి జంపన్న వాగులో స్నానం చేసి వస్తాం. మనం అంత భక్తిగా మొక్కే యుద్ధభూమి అదొక్కటే అనిపిస్తుంది.

పూడిక తీయొద్దని చెప్పేంత మూర్ఖుణ్ని కాను. నాకూ ఎకరంన్నర ఉంది, చెరువుమట్టి విలువ తెలుసు. నేనడిగేది ఒక్క రోజు. నీళ్లు వదిలాక, మిషన్లు దిగకముందు, చరిత్ర చదివే డిగ్రీ పిల్లలను పది మందిని, తెలిసిన సారును ఒకరిని ఆ చెరువులో నడవనివ్వండి. ఏదైనా కనబడితే కదిలించకుండా లొకేషన్‌తో ఫొటో తీసి, పురావస్తు శాఖకు చెప్పి, ఆ కాస్త జాగా వదిలి మిగతాది తవ్వుకోండి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థలో నీటి అడుగున వెతికే విభాగం 2001 నుంచే ఉంది. ద్వారక సముద్రంలో దిగినవాళ్లకు మన పాకాల, లక్నవరం లోతు ఒక లెక్కా?

ఈసారి పక్కూరి చెరువు వంతు అంటున్నారు. టేపు, నోట్‌బుక్ పట్టుకుని నేను పోతున్నాను. మామకు కూడా ఫోన్ చేసి చెప్పాను, బకెట్‌కు రాయి తగిలితే బండి ఆపి ముందు నన్ను పిలవమని. "అర్ధరాత్రి అయినా చేస్త బిడ్డా" అన్నాడు.