లూట్ పంపకం రూలు బాస్ పడకముందే రాసి ఉండాలి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడే మా గిల్డ్‌లో (జట్టులో), బాస్‌లనే పెద్ద శత్రువులను చంపితే రాలే వస్తువులు, అంటే లూట్, ఎవరికి దక్కాలో గిల్డ్ నడిపే ఆఫీసర్లే తేలుస్తారు. ఈ లూట్ కౌన్సిల్‌ను రద్దు చేసి, పాయింట్ల లెక్కతో పంచే ఈపీజీపీ పద్ధతికి మారాలని నేను చాలాకాలంగా అడుగుతున్నాను. ఆఫీసర్లు మాత్రం "అందరం హైదరాబాద్ వాళ్లమే, తెలిసినవాళ్లమే, మన మధ్య లెక్కలెందుకు" అని కొట్టిపారేస్తున్నారు. తెలిసినవాళ్ల మధ్యే లెక్క మరీ అవసరమని నా అభిప్రాయం. బయటివారితో పేచీ వస్తే గిల్డ్ మారిపోవచ్చు గానీ, రోజూ ఆఫీసు క్యాంటీన్‌లో ఎదురుపడే మనిషితో వస్తే ఎక్కడికి పోతాం?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత రూపమైన క్లాసిక్‌లో మోల్టెన్ కోర్ అనే చోట రైడ్‌కు, అంటే బాస్‌లపై గుంపుగా చేసే దాడికి, 40 మంది వెళతారు, ఒక్కో బాస్ దగ్గర రాలేది మాత్రం గుప్పెడు వస్తువులే. ఈ పేచీ క్లాసిక్ కంటే పాతది. 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే మరో ఆన్‌లైన్ ఆట ఆడేవారు నాగఫెన్, వోక్స్ అనే డ్రాగన్లను చంపినందుకు పాయింట్లు ఇచ్చుకుంటూ డీకేపీని (డ్రాగన్ కిల్ పాయింట్స్) మొదలుపెట్టింది ఇందుకే. అందులో జీరో సమ్ రకం మన చిట్టీ పాటకు బాగా దగ్గర: పాడుకున్నవారు వదులుకున్న సొమ్మును మిగతా సభ్యులకు పంచినట్టే, వస్తువు తీసుకున్నవారు ఖర్చుపెట్టిన పాయింట్లు ఆ రాత్రి రైడ్‌లో ఉన్న మిగతావారికి సమానంగా వెళతాయి. అయితే మామూలు డీకేపీలో పాతవారు పాయింట్లు కూడబెట్టుకుని కూర్చుంటారు, కొత్తగా చేరినవారికి మంచి వస్తువు అందేసరికి విసుగు పుడుతుంది.

ఈపీజీపీ ఈ చిక్కును చాలావరకు విప్పుతుంది. రైడ్‌కు వచ్చి కష్టపడినందుకు ఈపీ (ఎఫర్ట్ పాయింట్లు), తీసుకున్న వస్తువుకు జీపీ (గేర్ పాయింట్లు). మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ప్రాధాన్యం తేలుతుంది. 1000 ఈపీ, 500 జీపీ ఉన్నవారికి వచ్చేది 2. 600 ఈపీ, 200 జీపీ ఉన్నవారికి 3. అంటే రైడ్లకు తక్కువగా వచ్చినా, తీసుకున్నది ఇంకా తక్కువైతే ముందు వరుస వారిదే. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు పడి కొన్ని రైడ్లకు రాలేకపోయే మా హీలర్ల (ఆటలో తోటివారి గాయాలు మాన్పేవారి) వంటివారికి ఇంతకంటే న్యాయమైన లెక్క నాకు కనిపించలేదు.

ఆ హీలర్లలో ఒకరికి జరిగింది చూశాకే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. ఆయన ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన కర్ర అనే ఆయుధం రాలింది. ఐదు నిమిషాలు ఆఫీసర్ల చానల్‌లో గుసగుసలు నడిచాయి, తర్వాత అది ఒక ఆఫీసర్‌కే వెళ్లింది. కారణం అడిగితే "తర్వాత మాట్లాడదాం అన్నా" అన్నారు. ఆ తర్వాత అనేది ఇప్పటికీ రాలేదు. తమకే కావలసిన వస్తువుపై తామే తీర్పు చెప్పుకోవడాన్ని కౌన్సిల్ అనడం నాకు మింగుడుపడదు.

కౌన్సిల్ పద్ధతి మొత్తంగా పనికిరాదని అనడం లేదు. గార్, బారన్ గెడన్ అనే బాస్‌ల దగ్గర అరుదుగా రాలే, థండర్‌ఫ్యూరీ కత్తి తయారీకి రెండూ కావలసిన బైండింగ్‌లనే ముక్కలను లాటరీకి వదిలేస్తే రెండు ముక్కలూ ఇద్దరి సంచుల్లో పడి మూలుగుతాయి. వాటిని ఒక ట్యాంక్‌కు (ముందు నిలబడి బాస్ దెబ్బలు కాచే ఆటగాడికి) ముందే రాసిపెట్టడం మంచిది. కానీ "ముందే" అన్నదే కీలకం. వస్తువులను ఆటలోని బంగారంతో వేలం వేసే జీడీకేపీ సంగతి మాట్లాడే పనే లేదు: అది బయట డబ్బుపెట్టి బంగారం కొనేవారికి తలుపు తెరుస్తుంది, క్లాసిక్‌లోనే ఒక రకమైన సీజన్ ఆఫ్ డిస్కవరీలో 2024 ఫిబ్రవరి నుంచి ఆట తయారుచేసే బ్లిజార్డ్ కంపెనీ దాన్ని నిషేధించింది కూడా. పంపకాన్ని కంపెనీకే వదిలేయమనేవారు 2018ని గుర్తుచేసుకోవాలి. ఆటకు ఆ ఏడాది వచ్చిన బ్యాటిల్ ఫర్ అజరాత్ అనే విస్తరణలో మాస్టర్ లూట్ (రైడ్ నాయకుడే వస్తువులు పంచే పద్ధతి) తీసేసి ఎవరి లూట్ వారికే పడేలా చేస్తే, పక్కవాడికి అక్కరలేని వస్తువు కూడా చాలాసార్లు ఇచ్చుకోవడానికి వీల్లేకపోయింది. 2022లో డ్రాగన్‌ఫ్లైట్ అనే విస్తరణతో గ్రూప్ లూట్ (రాలిన వస్తువు కోసం గుంపులోనివారు పాచికలు వేసే పద్ధతి) తిరిగి వచ్చింది.

కాబట్టి ఆఫీసర్లను అడిగేది ఇంతే. వస్తువుల ధరల (జీపీ) పట్టిక రైడ్‌కు ముందు అందరికీ కనిపించాలి. పట్టికకు మినహాయింపు ఇస్తే కారణం ఆ రాత్రే లూట్ చానల్‌లో రాయాలి. వస్తువు కోరుకునే ఆఫీసర్ ఆ నిర్ణయానికి దూరంగా ఉండాలి. పట్టిక తయారుచేసే చాకిరీ నేను తీసుకుంటాను. ట్యాంకుల కవచాలకు ధర తగ్గించాలా వద్దా అన్నది మాత్రం శనివారం రైడ్ మొదలయ్యేలోపు మీరందరూ కూర్చుని తేల్చండి.