జనం లెక్క తప్పాకే సామ్రాజ్యాలు కూలాయి

రోమ్‌ను గోత్‌లు, వాండల్స్ కూల్చారు. గుప్తులను హూణులు దెబ్బతీశారు. హాన్ చైనాను పసుపు తలపాగాల తిరుగుబాటు ముంచింది. బడిలో మనం చదువుకున్న చరిత్ర ఇదే: శత్రువు వచ్చాడు, రాజు ఓడాడు, పాఠం అయిపోయింది. నేను ఈ కథను నమ్మను. కత్తి మెడ మీదికి రాకముందే ఈ మూడు రాజ్యాలకూ తమ జనం లెక్క చేజారిపోయింది. ఏ పొలం ఎవరు దున్నుతున్నారో, ఎవరి నుంచి ఎంత శిస్తు రావాలో తెలియని ఖజానా సైన్యాన్ని ఎంతకాలం పోషిస్తుంది?

చైనాయే పెద్ద సాక్ష్యం. క్రీ.శ. 2లో హాన్ ప్రభుత్వ పుస్తకాల్లో 5.95 కోట్ల మంది ఉన్నారు. 157లోనూ 5.65 కోట్లు. 220లో హాన్ వంశం అంతరించింది. 280లో జిన్ వంశం దేశాన్ని మళ్లీ ఒక్కటి చేసి చూసుకుంటే లెక్కకొచ్చింది 1.62 కోట్లే! మిగతా నాలుగు కోట్ల మంది ఏమయ్యారు? యుద్ధాలు, కరువులు, అంటురోగాలు ఎందరినో పొట్టనపెట్టుకున్న మాట నిజమే. కానీ అందరూ చచ్చిపోలేదు. పన్నులు, వెట్టి భరించలేని రైతులు పెద్ద భూస్వాముల పంచన చేరారు. ఊళ్లోనే ఉన్నారు, పొలమే దున్నుతున్నారు, సర్కారు పుస్తకంలో మాత్రం లేరు. ఈ ముప్పు ముందే కనిపెట్టిన వాంగ్ మాంగ్, హాన్ గద్దెను మధ్యలో లాక్కున్న పాలకుడు, క్రీ.శ. 9లో భూముల అమ్మకాలు నిషేధించాడు. మూడేళ్లకే ఆ ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు, 23లో ప్రాణమే పోగొట్టుకున్నాడు. భూస్వాముల అండతో గద్దెనెక్కి హాన్ పాలనను మళ్లీ నిలబెట్టిన గువాంగ్‌వూ చక్రవర్తి 39లో భూముల సర్వే మొదలుపెడితే ఆ భూస్వాములే ఎదురుతిరిగారు. హాన్ పతనానికి బీజం అక్కడే పడిందంటాను.

పశ్చిమ రోమ్‌లోనూ అంతే. పన్ను వసూలుదారుకు భయపడి పల్లెలకు పల్లెలు పెద్ద భూస్వాముల రక్షణలోకి వెళ్తుంటే, దాన్ని నిషేధిస్తూ చక్రవర్తులు చట్టం మీద చట్టం చేశారు. పదేపదే చేయాల్సి వచ్చిందంటేనే ఒక్కటీ అమలు కాలేదని అర్థం. పేదలు తమ భూములను పెద్దలకు అప్పగించి బతుకుతున్నారని 440ల్లో మార్సెయ్‌కు చెందిన క్రైస్తవ మతాచార్యుడు సాల్వియన్ ఆక్రోశించాడు. 439లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ కూడా వాండల్స్ చేతికి పోయాక ఖజానాకు మిగిలింది కొంచెమే. 476లో చివరి చక్రవర్తిని దించేసిన సేనాని ఓడోయేసర్ కూలగొట్టడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

ఇక మన గుప్తుల సంగతి. ఇక్కడి జనం తమ ఇళ్ల వివరాలు సర్కారుకు రాయించాల్సిన పని లేదని ఐదో శతాబ్దపు తొలి ఏళ్లలో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ మెచ్చుకున్నాడు. దాన్నే మనం స్వర్ణయుగానికి సాక్ష్యమంటూ వల్లెవేస్తున్నాం. నాకు అందులో కనిపించేది పతనం. ఊరూరా ఇళ్లనూ పొలాలనూ లెక్కరాసే 'గోపుడు' అనే ఉద్యోగిని అర్థశాస్త్రం నియమించమంది. అలాంటి ఏర్పాటు పోయిన చోట రాగిరేకుల మీద రాసిచ్చే పన్ను మినహాయింపులు పెరిగాయి. ఈ ఆనవాయితీకి తొలి ఆనవాళ్లు శాతవాహనుల దగ్గరే దొరుకుతాయి: బౌద్ధ భిక్షువులకు ఇచ్చిన పొలంలో రాజు మనుషులు అడుగుపెట్టకూడదని గౌతమీపుత్ర శాతకర్ణి నాసిక్ శాసనంలో రాయించాడు. గుప్తుల నాటికి అది ఊళ్లకు ఊళ్లనే మింగింది. హూణులను స్కందగుప్తుడు తరిమికొట్టాడు, కానీ ఆ తర్వాతి గుప్త నాణేల్లో బంగారం పలచబడుతూ పోయింది.

వాతావరణం మారిందని, మహమ్మారులు వచ్చాయని, మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి గుర్రపుదళాలు విరుచుకుపడ్డాయని కొందరంటారు. వచ్చిన మాట నిజం. మరి హూణ రాజు అటిలాకు ఏటా 2,100 పౌండ్ల బంగారం కప్పం కట్టడానికి ఒప్పుకున్న తూర్పు రోమ్ 1453 దాకా ఎలా బతికింది? అటిలా కాలంలో ఈజిప్టు, సిరియాల శిస్తు ఇంకా దాని చేతిలోనే ఉంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 1881 నుంచి పదేళ్లకోసారి, యుద్ధం నడుస్తున్న 1941లో కూడా, జనాన్ని లెక్కపెట్టిన మన దేశం 2021లో ఆ పని చేయలేదు. కొవిడ్ 2021కి సాకు కావచ్చు, ఆ తర్వాతి ఏళ్లకు కాదు. ఆహార భద్రత చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎంతమందికి బియ్యం అందాలో ఇప్పటికీ 2011 లెక్కే తేలుస్తోంది. 2014లో పుట్టిన తెలంగాణకూ, విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌కూ ఆధారం ఉమ్మడి రాష్ట్రంలో తీసిన ఆ పాత లెక్కే. ఇల్లు, ఊరు, ఉపాధి ఇన్ని మారాక కూడా! 2024లో తెలంగాణ సొంతంగా ఇంటింటి సర్వే చేసింది. ఆ పని కేంద్రం ఎప్పుడో చేసి ఉండాల్సింది.

మంచు ప్రాంతాలు మినహా దేశమంతటా జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఆ తేదీ మళ్లీ వాయిదా పడకూడదు. గ్రామాల వారీ లెక్కలు జనం ముందు పెట్టాలి. మనకెన్ని లోక్‌సభ సీట్లు, ఎన్ని నిధులు అన్నది ఆ తర్వాతే తేల్చాలి.