కేబీఆర్ అంచు కొరకొద్దు

కేబీఆర్ పార్కు అంటే చాలామంది హైదరాబాదీలకు ప్రహరీ వెంబడి ఉన్న నడకదారే. తెల్లారకముందే వాకర్లు, ఆ తర్వాత ట్రాఫిక్ హోరు. గోడకు అవతల ఉన్నది జాతీయ పార్కు అనే సంగతి ఎంతమందికి పడుతుంది?

పేరు మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డిది. నేల మాత్రం నిజాం వారసుడు ముకరంజా ఎస్టేటుది. దాదాపు 400 ఎకరాల ఆ గుట్టల మధ్య చిరాన్ ప్యాలెస్ ఉంది. గుట్టల మీద గోల్ బంగ్లా, మోర్ బంగ్లా. వాటికి తోడు మోటర్‌ఖానా, గుర్రపుశాల, ఏనుగులకూ ఒంటెలకూ వేర్వేరు కొట్టాలు, బావులు. ఆఖరికి సొంత పెట్రోలు బంకు కూడా! అడవిలో పెట్రోలు బంకు ఏమిటని నవ్వొచ్చు. కానీ ఆ దర్జా వల్లే చుట్టూ గోడ నిలిచింది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో వందల కోట్ల ఏళ్ల నాటి రాళ్లను పేల్చి ఇళ్లు కట్టుకుంటూ పోతుంటే, గోడ లోపలి రాయీ పొదా అలాగే ఉండిపోయాయి. వేప, తుమ్మ, సీతాఫలం, వాటి నీడన నెమళ్లు, కుందేళ్లు, ముళ్లపందులు, అలుగు. 1998లో దీన్ని జాతీయ పార్కుగా నోటిఫై చేశారు. ముకరంజా 2023లో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. మక్కామసీదులో పూర్వీకుల సరసన ఖననం చేశారు.

ఒక రాజకుటుంబం గోడ కాపాడిన అడవిని ప్రజా ప్రభుత్వాలు కాపాడలేకపోతున్నాయన్నదే మా బాధ. 2016లో ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టూ చెట్లు కొట్టబోతే జనం రోడ్డెక్కారు, హరిత ట్రిబ్యునల్ ఆపింది. 2020లో పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని, అంటే నిర్మాణాలపై ఆంక్షలుండే రక్షణ పట్టీని, ఖరారు చేస్తూ వెడల్పు 3 నుంచి 29.8 మీటర్లని తేల్చారు. మూడు మీటర్లంటే ఆటో పొడవు కన్నా కాస్త ఎక్కువ! మళ్లీ 2024లో ఆరు కూడళ్ల దగ్గర ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లకు 826 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి.

పార్కు పక్కనున్న జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు కూడలి దగ్గర సాయంత్రం చిక్కుకున్నవాడి టెన్షన్ మాకు తెలియనిది కాదు. ఆ దారిలో మేమూ రోజూ ఇరుక్కుంటున్నాం. అయితే ఈ కూడలి దాటిన వాహనం తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే కదా. మెట్రోకూ బస్సులకూ ఎంత ఖర్చు పెట్టారు, ఎంత పెడతారు అన్నది ముందు తేల్చాలి. ఏ కూడలిలో ఎన్ని చెట్లు పోతాయో, వాటిలో ఎన్ని నడకదారివో, పార్కు గోడ ఎక్కడైనా జరుగుతుందో చెట్టుచెట్టుకూ నంబరేసి జనం ముందు పెట్టాలి. ఆ లెక్క బయటికి వచ్చేదాకా ఒక్క కొమ్మా నరకకూడదు.