రోస్ట్రోపోవిచ్ పారిపోలేదు

చెల్లో (వయొలిన్ కుటుంబానికి చెందిన పెద్ద తీగవాద్యం) విద్వాంసుడు మ్స్తిస్లావ్ రోస్ట్రోపోవిచ్ గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. డబ్బు కోసం సోవియట్ యూనియన్ నుంచి పారిపోయాడని, అమెరికా వెళ్ళాకే ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ అవతారం ఎత్తాడని, బెర్లిన్ గోడ దగ్గర కెమెరాల కోసం వాయించాడని. మూడూ తప్పే. మొదటిదైతే అన్యాయం కూడా.

బాకూలో పుట్టిన ఆయనకు స్వదేశంలో ఏ లోటూ లేదు. 1951లో స్టాలిన్ బహుమతి, 1964లో లెనిన్ బహుమతి వచ్చాయి. స్వరకర్త షొస్తకోవిచ్ తన మొదటి చెల్లో కన్చెర్టోను (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాద్యకారుడు వాయించే రచన) ఆయన కోసమే రాశారు. నోరు మూసుకుని ఉంటే జీవితాంతం దర్జాగా బతికేవారు. కానీ ప్రభుత్వం వెంటాడుతున్న రచయిత సోల్జెనిత్సిన్‌కు 1969లో తన ఇంటి ఆవరణలోనే చోటిచ్చారు. 1970 అక్టోబరులో ఆయన్ని సమర్థిస్తూ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దాతో పాటు పెద్ద పత్రికలకు బహిరంగ లేఖ రాశారు. ఒక్కటీ అచ్చువేయలేదు. ఆ తర్వాత విదేశీ కచేరీలు రద్దయ్యాయి, మాస్కోలోని ప్రసిద్ధ బోల్షోయ్ థియేటర్ తలుపులు మూసుకుపోయాయి. ఆయన భార్య, ప్రసిద్ధ గాయని గలీనా విష్నెవ్‌స్కయాకీ ఇదే గతి. చివరికి 1974లో ప్రభుత్వాన్ని అడిగి, రెండేళ్ల అనుమతి తీసుకునే బయటికి వెళ్ళారు. అనుమతి పత్రంతో వెళ్ళినవాణ్ణి పారిపోయాడని ఎలా అంటాం? తిరిగి వచ్చే దారి మూసింది ఆయన కాదు. 1978లో ఆ దంపతుల పౌరసత్వాన్ని ప్రభుత్వమే రద్దు చేసింది.

కండక్టింగ్ సంగతికి ఒక్క మాట చాలు. 1968లోనే ఆయన బోల్షోయ్‌లో చైకోవ్‌స్కీ ఒపెరా 'యెవ్గేనీ అనేగిన్' నడిపించారు. వాషింగ్టన్‌లోని నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా బాధ్యత 1977లో వచ్చింది.

ఇక బెర్లిన్. 1989 నవంబరు 11న, నగరాన్ని రెండుగా చీల్చిన గోడ తెరుచుకున్న రెండు రోజులకు, దాని పక్కన, అడిగి తెచ్చుకున్న కుర్చీలో కూర్చుని స్వరకర్త బాహ్ చెల్లో కోసం రాసిన 'సూట్' అనే సంగీత రచనలు వాయించారు. ఫోటోలు లోకమంతా తిరిగిన మాట నిజమే. అయితే అది ఒక్కరోజు ఆవేశం కాదు. 1968 ఆగస్టు 21న, సోవియట్ సేనలు చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లోకి చొరబడిన రోజునే, లండన్‌లో సోవియట్ ఆర్కెస్ట్రాతో కలిసి చెక్ స్వరకర్త ద్వోర్జాక్ కన్చెర్టో వాయిస్తూ కన్నీళ్లు పెట్టుకున్నారు. అప్పటికి ఆయన సోవియట్ పౌరుడే, ఇంటికి తిరిగి వెళ్ళాల్సినవాడే.

1990లో పౌరసత్వం తిరిగి ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో మాస్కోలో అధికారాన్ని చేజిక్కించుకునే కుట్ర జరిగిందని తెలియగానే, 64 ఏళ్ల వయసులో, వీసా కూడా లేకుండా విమానం ఎక్కి అక్కడికి చేరారు. ట్యాంకులు చుట్టుముట్టిన పార్లమెంటు భవనంలో, దాన్ని కాపాడుతున్నవాళ్లతో కలిసి కూర్చున్నారు.